జారని తుపాకీ

పాత కక్షలున్నందుకు మా మామకు పోలీసులిచ్చిన ఆ గన్‌మన్‌కు ఒకటే అలవాటు, తీరిక దొరికితే తుపాకీని భుజానికి ఆనించి చూసుకోవడం. భుజానికి ఆనే కొసకున్న ఇనుప పట్టీ అరిగి నున్నబడి, చొక్కా మీద జారేది. ఒకరోజు ఉరవకొండ పంక్చర్ షాపులో సైకిల్ ట్యూబు ముక్క కోయించి దానికి తొడిగాడు. మళ్లీ ఆనించాడు. జారలేదు. ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

జీపులోంచి మామ అడిగాడు: "ఎవురి కోసమప్పా ఇంత తయారైతాండావు?"

"మీకోసమేన్నా."

ఇష్టంగా అన్న ఆ మాట మామకు బెదిరింపులా వినిపించింది. దారంతా వెనక్కి తిరిగి ఆ తుపాకీనే చూశాడు. "వీణ్ణి అవతలోళ్లు కొనేసినారు" అని ఇంటికొచ్చి అత్తతో అన్నాడు. వారం తిరక్కుండానే ఆయన్ను మార్పించాడు.

కొత్త గన్‌మన్ తుపాకీ భుజానికి ఆనిస్తే నిలిచేదే కాదు. అతన్ని వెనక కూర్చోబెట్టుకుని, మామ జీపులో హాయిగా నిద్రపోయేవాడు.