లేతును మరిచిపోని చేతులు

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో లేతు మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. ఇనుము కోసేటప్పుడు పోసే తెల్లటి కూలెంట్ ఆయన చేతులకు పడలేదు. వేళ్ల సందుల్లో నీటి పొక్కులు, పగుళ్లు, ఒకటే దురద. కాలనీలో అందరూ తామర అని తేల్చేసి తలో వైద్యం చెప్పారు. నాన్న మొహమాటానికి అన్నీ చేశాడు. అది తామర కాదు, కూలెంట్ పడక వచ్చిన ఎగ్జిమా అని తెలిసేసరికి సర్వీసు అయిపోవచ్చింది.

రిటైరయ్యాక చేతులు నున్నబడ్డాయి. ఇక భయం లేనట్టేనా అని అడిగితే డాక్టరమ్మ నవ్వింది. పైకి మచ్చ కూడా లేకపోయినా, ఆ కూలెంట్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకున్న రక్షణ కణాలు అదే చోట, ఆ చర్మంలోనే ఏళ్ల తరబడి కాపురం ఉంటాయట. మళ్లీ కాస్త తగిలితే చాలు, మొదటిసారి కంటే తొందరగా లేచి యుద్ధానికి దిగుతాయట.

"అయితే నా బుర్ర కన్నా నా సేతులకే గ్యాపకం ఎక్కువన్నమాట" అన్నాడు నాన్న, టోటో రిక్షాలో ఇంటికొస్తూ.

ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే, ఆ లేతును మళ్లీ ఒకసారి ముట్టుకోవాలని. విశ్వకర్మ పూజ రోజు వర్క్‌షాపు గేట్లు ఇంటివాళ్లందరికీ తెరుస్తారు. మిషన్లన్నీ తుడిచి, బొట్టు పెట్టి, దండలు వేస్తారు. ఏటా నాన్న వెంట నేనూ వెళ్లేదాన్ని, కాపలాకి. పెళ్లి చేసి పంపిన కూతుర్ని అత్తారింట్లో చూడటానికి వచ్చిన తండ్రిలా, చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడేవాడు.

ఒక ఏడాది, ఇప్పుడు ఆ లేతు నడుపుతున్నాయన పిలిచాడు. "బాబాయ్, ఈపాలి నువ్వే తుడిసి బొట్టెట్టాల. ముందు నీదే గదా ఇది."

నా సంచిలో గ్లవ్స్ ఉన్నాయి. అవి తీసేలోపే నాన్న మిషన్ తుడిచే కాటన్ వేస్టు అందుకున్నాడు. చక్రాలూ, పిడులూ, కింద ట్రేలో మిగిలిన కూలెంట్ తడీ, ఒక్క మూల వదలకుండా తుడిచాడు.

మర్నాటికి సరిగ్గా పాత చోట్లలోనే పొక్కులు లేచాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏటి నాన్నా ఇది? తెలిసి తెలిసి సెయ్యెట్టినావు."

"ఎట్టినాను" అన్నాడు, నాచేత మందు రాయించుకుంటూ. "ఇన్నేళ్లయినా మర్సిపోనేదు, సూసినావా?"

ఆ మాటలో ఉన్న సంతోషానికి నేనింక తిట్టలేకపోయాను.

నాన్న పోయాక వచ్చిన విశ్వకర్మ పూజకు ఒక్కదాన్నే వెళ్లాను. అక్కడివాళ్లనడిగి ఆ లేతును నేనే తుడిచాను, ఉత్త చేతులతో. ఇంటికొచ్చి సబ్బు కూడా పెట్టుకోలేదు. పిచ్చి పనే, తెలుసు. కానీ ఆయన మీద బెంగ అలా ఉంది. ఆ వారమంతా పొద్దున్నే లేచి వేళ్ల సందులు చూసుకున్నాను. ఒక్క పొక్కయినా రాలేదు.