స్కేలు పెట్టి గీసిన నోట్సు

రేపల్లె నుంచి తెనాలి వెళ్లే పొద్దుటి ప్యాసింజరులో నా కిటికీ సీటు ఆపి ఉంచేది ఆ అమ్మాయి. అడవులదీవిలో తెల్లారకముందే ఆటో ఎక్కి వచ్చి, సీటు మీద చున్నీ పరిచి నా కోసం చూసేది. ఇద్దరం తెనాలిలో ఎమ్మే ఇంగ్లీషు. నాకంటే రెండేళ్లు చిన్నది, "అక్కా" అనేది. నేను మాత్రం ఆమె టిఫిన్ బాక్సు మూత తీస్తే చాలు, చేపల వాసనంటూ ముక్కు మూసుకునేదాన్ని. మాది పొలాలున్న ఇల్లు మరి, ఆ మాత్రం పొగరు ఉండద్దూ!

ఇంగ్లీషు వాక్యాన్ని ముక్కలు చేసి, ఏ మాట దేన్ని పట్టుకుని ఉందో చెట్టుకొమ్మల్లా గీయడం మా పేపర్లలో ఒకటి. నాకు చచ్చినా ఎక్కేది కాదు, బట్టీ పట్టి నెట్టుకొచ్చేదాన్ని. ఆమెకి ఇట్టే వచ్చేసేది. "వలలు అల్లే ఇంట్లో పుట్టానండి, ఏ ముడి ఎక్కడ పడాలో చెయ్యే చెబుతుంది" అంది ఒకసారి ఆ పేపరు చెప్పే సార్‌తో. "చూసి నేర్చుకోండి" అన్నాడాయన, అదీ నా వైపు తిరిగి. ఒళ్లు మండిపోయింది.

తర్వాత వాళ్లమ్మకి బాగోక పది రోజులు రాలేదు. ఆ పది రోజుల్లోనే సార్ కొత్త పద్ధతి చెప్పి, శుక్రవారం సెమినార్ అన్నాడు. అందులో పోతే పేపరు పోయినట్టే. ఒక్క పేపరు తప్పినా చదువు మానిపించి రొయ్యలు ఒలిచే షెడ్డుకి పంపేస్తానని వాళ్ల నాన్న ముందే తేల్చి చెప్పాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

తిరిగి రాగానే "నోట్సు ఇస్తారా అక్కా?" అంది. కొత్త పుస్తకం కొని, నా నోట్సులోని బొమ్మలన్నీ ఎత్తి రాశాను, నాలుగైదు కొమ్మలు చోటు మార్చి. స్కేలు పెట్టి మరీ గీశాను. ఫోన్లో ఫొటోలు తీసుకుని, "మీ మేలు మర్చిపోనక్కా" అంది.

శుక్రవారం ధైర్యంగా బోర్డు మీద గీసింది. "ఇదేంటమ్మా, వలలో పీత పడిందా?" అన్నాడు సార్. క్లాసంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఎవరు చెప్పారని ఆయన గద్దిస్తే నా వైపు చూడనైనా లేదు. "నేనే అలా అనుకున్నానండి" అంది. సున్నా వేశాడు.

సాయంత్రం రైల్లో, రేపల్లెలో దిగేముందు నా చెయ్యి పట్టుకుంది. కనిపెట్టేసిందనుకున్నాను.

"అక్కా, మీ నోట్సులో బొమ్మలు తప్పు పడ్డాయి. పరీక్షకి అవే చదివితే మీక్కూడా మార్కులు పోతాయి, దిద్దుకోండి" అంది.

"సరేలే" అన్నాను.

సోమవారం ఆమె రాలేదు. ఇక ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు బాపట్లలో ఒక కాలేజీలో అదే పాఠం నేను చెబుతున్నాను, పిల్లలు మంచి మేడమ్ అంటారు. ఆ సోమవారం కుమిలి ఏడ్చానని రాసుకోవాలని ఉంది. ఏడవలేదు. రైలెక్కేసరికి నా కిటికీ సీట్లో ఎవరో కూర్చుని ఉన్నారు. సీటు ఆపనందుకు దాని మీద చిరాకేసింది.