పదమూడు నట్టు, పసుపు పూసిన పానా

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంత జరిగితే కొండంత చెప్పే మనిషిని. మా ఇంట్లో నా మాటకు సగం విలువే కట్టి, అందులోనూ తరుగు తీస్తారు. ఆ రోజుల్లో మాత్రం నాకు కల్పించే అవసరం పెద్దగా ఉండేది కాదు. చిలకలగూడలో మా చిన్నమామ నడిపిన స్కూటర్ల షెడ్డులో నిజాలే అంత ఘోరంగా జరిగేవి.

పాలిటెక్నిక్ ముగించి అప్పుడే ఆ షెడ్డులో చేరాను. నట్టును చూడగానే దానికి ఏ సైజు పానా పడుతుందో చెప్పేస్తానని నాకో గర్వం (స్పానర్‌ను మేము పానా అంటాం). ఆ దసరా నాడు చిన్నమామకు తిరుమలగిరిలో పెళ్ళిచూపులు. అప్పటికే జంటనగరాల్లో ఆయనను వద్దనని ఇల్లు లేదు. ఇదీ తప్పితే ఇక పెళ్ళి మాటే ఎత్తనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. తెల్లచొక్కా తొడిగి, బండికి బంతిపూల దండ వేసి, తీరా బయల్దేరబోతే వెనక టైరు నేలకు అతుక్కుపోయి ఉంది!

"ఆటోల పోదాం మామా."

"మెకానిక్కు ఆటోల పోతే పిల్లనెవరిస్తర్రా?"

స్టెప్నీ ఉంది. పానాలూ ఉన్నాయి, కానీ ఆయుధపూజలో, అమ్మవారి పటం ముందు, నిండా పసుపు పూసి ఉన్నాయి. అమ్మమ్మ అడ్డు నిలబడింది. "పండుగ పూట వాటిని ముట్టుడేందిరా?" చిన్నమామ కాళ్ళ మీద పడ్డంత పని చేస్తే మెత్తబడింది. "సరే, తీస్కో. గని ఆ పసుపు తుడిచినవో, నీ పెండ్లి నువ్వే చేస్కో!"

పసుపుతో పానాల మీది అంకెలన్నీ పూడిపోయాయి. "అంకెలెందుకు మామా, నా కన్ను చాలదా?" అని ఒకటి తీసి నట్టుకు పట్టించి, ఒంట్లో ఉన్న బలమంతా వేశాను. నట్టు పదమూడు, నా చేతిలోది పద్నాలుగు. కర్రుమన్న చప్పుడుకు పక్కనే ఉన్న స్టేషన్లో రైలు ఆగిపోయింది. నేను ఎగిరి వాకిలి అవతల పడ్డాను. లేచి చూద్దును కదా, ఆరు మూలల నట్టు లడ్డూలా గుండ్రంగా నిగనిగలాడుతోంది. చిన్నమామ వంగి నట్టు చుట్టూ వేలు తిప్పి చూశాడు.

"అరే... మూలలేవిరా?" అన్నాడు, నేనెక్కడో దాచిపెట్టినట్టు.

ఇక ఆయనే సుత్తీ ఉలీ పట్టుకుని, చక్రాన్ని కౌగిలించుకుని కుస్తీ పట్టాడు. నట్టు ఊడి, చక్రం మారేసరికి సుత్తి మీది పసుపూ, ఉలి మీది పసుపూ చొక్కా మీదికి వచ్చేశాయి. మార్చుకునే వ్యవధి లేదు, రాహుకాలం తరుముకొస్తోంది. అమ్మమ్మను ఆటో ఎక్కించి, మేమిద్దరం బండి మీద ముందే చేరాం.

తలుపు తీసిన పిల్ల తల్లి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఓ యమ్మో! ఒంటినిండా పసుపేందీ? ఎక్కడనో పెండ్లికొడుకును చేస్తుంటే లేచొచ్చిండా?"

చిన్నమామ మొహం తెల్లబోయింది (ఆయనలో తెల్లగా మిగిలింది అదొక్కటే). నేను ముందుకురికాను. "కాదమ్మా! పదమూడు నట్టుకు నేను పద్నాలుగు పానా పెట్టిన. గంతే!"

అప్పుడు తలుపు చాటు నుంచి ఫక్కున ఓ నవ్వు. ఆ నవ్వుతోనే సంబంధం కుదిరింది.

ఇందులో నేను కల్పించింది రైలు సంగతి అనుకుంటారు. రైలు నిజంగానే ఆగింది, స్టేషన్ కదా మరి. కల్పించింది ఆ నవ్వు. ఆ పిల్ల, అదే ఇప్పటి మా అత్త, ఆ రోజు నవ్వనే లేదు, హడలిపోయి లోపలికి పోయింది. ఎన్నాళ్ళకో ఒప్పుకున్నామని కబురొచ్చింది, ఎందుకో నాకు ఈనాటికీ తెలియదు. మొన్న ఎవరింటి పెళ్ళిలోనో అత్త చెబుతోంది, "వీడు పానా ముచ్చట చెప్పంగనే నాకు నవ్వు ఆగలే!" పక్కనే చిన్నమామ మురిసిపోతూ తలూపుతున్నాడు. కాదని చెప్పబోయి, లడ్డూ ఒకటి నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను.