జైలు ఖద్దరు, పండగ ఖద్దరు

నా చిన్నప్పుడు, తెల్లవాళ్లు వెళ్లిపోయి ఇంకా పదేళ్లు నిండని రోజుల్లో, పత్తికొండ దగ్గర మా ఊళ్లో అందరిదీ ఒకటే పార్టీ. అందరి నెత్తినా అదే తెల్ల టోపీ. అయినా ఊరివాళ్లు వాళ్లని రెండు రకాలుగా విడదీసి పిలిచేవాళ్లు. ఉద్యమంలో దెబ్బలు తిన్నవాళ్లు జైలు ఖద్దరు. స్వతంత్రం వచ్చాక టోపీ పెట్టినవాళ్లు పండగ ఖద్దరు.

మా జేజి, అంటే మా నాయన తల్లి, జైలు ఖద్దరు ఇంటి మనిషి. మా జేజినాయన జైలు నుంచి దగ్గు తెచ్చుకుని ఏడాది తిరక్కుండానే పోయాడట. ఆయన దాక్కున్న గడ్డివామిని పోలీసులకు చూపించింది మేడింటాయన. ఆ సంగతి ఊరందరికీ తెలుసు గానీ ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. సగం ఊరు ఆయన చేలల్లోనే పత్తి ఏరడానికి పోయేది మరి.

ఆ మేడింటాయనే ఖద్దరు ఉత్తరీయం వేసుకుని, ఊరి పార్టీకి అధ్యక్షుడు కావాలని బయలుదేరాడు. ఆయనకు పోటీ దూదేకుల మామ. మా జేజికి పత్తి ఏకి ఇచ్చేవాడు, జేజినాయనతో ఒకే జైల్లో ఉన్నవాడు. ఒకరోజు మేడింటాయన మా ఇంటికే వచ్చి, అధ్యక్షుణ్ని ఎన్నుకునే సభలో జేజి తన మెడలో నూలు దండ వెయ్యాలని అడిగాడు. జేజి చేతి దండ పడితే పండగ ఖద్దరు అన్న మాట పోతుందని ఆయన ఆశ. జేజి ఆ ఉత్తరీయం అంచును రెండు వేళ్లతో పట్టుకుని, బాగుందన్నట్టు నిమిరి, సరే అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎనిమిదేళ్ల పిల్లనే అయినా, జేజి నూలు వడికిన నాలుగు రోజులూ ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం రాట్నం ముందు కూర్చుని తనలో తాను నవ్వుకునేది. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా కోపం వచ్చేది.

సభ రోజున చావిడి నిండా జనం. జేజి దండ వేసింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే ఆయన ఉత్తరీయం అంచులోంచి ఒక పోగు లాగి నా అరచేతిలో పెట్టింది. పక్కనే తన నూలు ముక్క కూడా పెట్టింది.

"సూడు పాపా, ఈ రెండిట్లో యాది చేతి నూలు?"

జేజి నూలు ఒకచోట లావుగా, ఒకచోట సన్నంగా, మధ్యలో చిన్న ముడితో ఉంది. రెండోది వెంట్రుకలా నున్నగా ఉంది. నాలుగు రోజుల మూగనోము వదిలిపెట్టి గట్టిగా అరిచాను, ఇది మిల్లుదని. చావిడి గొల్లుమంది.

మేడింటాయన ముఖం కందగడ్డ అయింది. "గుడ్డదేముండాదిలే అక్కా, నా మనసు ఖద్దరే" అన్నాడు.

"నీ మనసు మాకు తెలుసులే అప్పా. ఆ పొద్దు గడ్డివామి కాడ శానా బాగా సూసినాం."

నవ్వులు ఆగిపోయాయి. సభ జరిపే పెద్దమనిషి ఆయన పేరు చెప్పి చేతులెత్తమంటే ఆయన బామ్మర్ది చెయ్యి ఒక్కటి లేచి, అటూ ఇటూ చూసి దిగిపోయింది. పత్తి ఏరేవాళ్లు తలలు వంచుకుని కూర్చున్నారు. ఆయన చావిడి దిగి వెళ్లబోతుంటే జేజి అడ్డంగా నిలబడింది.

"ఆ దండ ఇట్లియ్యి అప్పా. అది ఖద్దరు."

ఆయన తనే తన మెడలోంచి తీసి ఇచ్చాడు. జేజి దాన్ని దూదేకుల మామ మెడలో వేసింది.

ఆ రోజు నాకు కలిగిన సంతోషం తప్పని ఇప్పటికీ అనుకోను. క్షమించడం మంచిదని తర్వాత చాలామంది చెప్పారు, విన్నాను. జేజి నేర్పింది మాత్రం అది కాదు. ఎవరైనా నేను ఫలానా పార్టీ మనిషినని చెబితే, ఆ మాట వింటూనే పోగు లాగి చూడమని నేర్పింది.

మొన్న మేడింటాయన మనవడు ఓటు అడగడానికి మా గడప దాకా వచ్చాడు. పార్టీ వేరు, కండువా రంగు వేరు. నా చెయ్యి దానంతట అదే ఆ కండువా అంచు మీదికి పోయింది. పిల్లవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.