శ్రీకూర్మంలో వదిలేసిన జీడిపప్పు

నాకు ఏడేళ్లు నిండి నాలుగో నెల నడుస్తున్న రోజులు... మా మేనత్త జీడిపప్పు పాకం అచ్చు ఒకటి నా చేతిలో పెట్టింది. సగం తిన్నానో లేదో, పెదవులు బూరెల్లా పొంగాయి. గొంతు బిగుసుకుపోయింది. నాన్న నన్ను సైకిలు మీద వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. వెనకాలే అమ్మ... చెప్పులు లేకుండా రెండు మైళ్లు పరుగెత్తింది.

సూది మందు పడింది. సాయంత్రానికి లేచి కూర్చుని ఆకలన్నాను. "ఇంకోసారి ఆ పప్పు తింటే నా దాకా తెచ్చే వ్యవధి ఉండదు" అని డాక్టరు అమ్మతో చెప్పాడు.

నాకు తగ్గింది. అమ్మకు తగ్గలేదు.

నేను తుమ్మితే అమ్మ చేతిలో గరిటె కింద పడేది. వీపు గోక్కుంటే నాలుక చాపమనేది. బడిలో మధ్యాహ్నం అన్నాల వేళ కిటికీ అవతల అమ్మ తల కనిపించేది... ఒకరోజు మాస్టారు, "లోపలికి రండమ్మా, పలక తెచ్చుకోండి" అన్నారు. "పిల్లకు పెరుగు ఇద్దామనొచ్చానండి" అంది అమ్మ. చేతిలో గిన్నె లేదు.

అసలు చిక్కేమిటంటే మాది ఉద్దానం. ఊరి చుట్టూ జీడితోటలే. ఏ ఇంటికి వెళ్లినా పిల్లల గుప్పిట్లో జీడిపప్పు పోయడం మర్యాద... వద్దనడం అవమానం.

డాక్టరు వద్దన్నాడని అమ్మ చెప్పి చూసింది.

"ఒక్క పప్పు తింటే ఏటవుతాదే కోడలా? మా తోట పప్పు సేదా నీ కూతురికి?" అంటూ ఎదురింటి సూరమ్మ మామ్మ ఒకరోజు నా దవడ పట్టుకుంది. పప్పు పెదవుల దాకా వచ్చింది.

అమ్మ అడ్డం పడింది. "వద్దత్తా... శ్రీకూర్మంలో సామికి వదిలేసినాది."

కాశీకి వెళ్లి కాయో పండో వదిలేసి వచ్చినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. వాళ్లకు అది పెట్టే సాహసం ఎవరూ చేయరు. మామ్మ చప్పున చెయ్యి వెనక్కి తీసుకుని లెంపలేసుకుంది. "తప్పు తప్పు. ముందే సెప్పొద్దేటే?"

ఇక ఊళ్లో ఎవరూ నాకు పప్పు పెట్టలేదు.

తంటా నాకొచ్చింది. బాబాయి పెళ్లి విందులో కోడికూర బకెట్టు నా ఆకు ముందు ఆగింది. "మొక్కున్న పిల్లకు నీసేట్రా? అటెల్లు" అని సూరమ్మ మామ్మ వడ్డించేవాణ్ణి తోలేసింది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తన ఆకు వైపు చూసుకుంది. అలా తొమ్మిది విందుల్లో పప్పన్నం, మజ్జిగ... ఒక్కటి కూడా మరిచిపోలేదు.

అక్కడితో ఆగలేదు. "పరీచ్చకెల్తన్నాడు, నెత్తిన సెయ్యెట్టు తల్లీ" అని మామ్మ తన మనవణ్ణి నా దగ్గరికి తెచ్చింది. పెట్టాను. వాడు తప్పాడు. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

పెళ్లయి విజయనగరం వచ్చే ముందు నాన్న అసలు సంగతి చెప్పాడు. దేవుడి పేరుతో అబద్ధమాడానని భయపడి, ఆ వారమే అమ్మ శ్రీకూర్మం వెళ్లి జీడిపప్పు తానే వదిలేసిందట. అదంటే ప్రాణం అమ్మకు. నాకు తగులుతుందని ముట్టడం లేదనుకున్నాను... చివరిదాకా ముట్టలేదు.

ఇప్పుడు మా మనవడికి వేరుశనగ పడదు. కోడలి చేతిసంచిలో సూది మందు ఉంటుంది. ప్రతి పొట్లం మీద అక్షరాలన్నీ చదువుతుంది. మధ్యాహ్నం బడి గేటు దగ్గర స్కూటరు ఆపుకుని నిలబడుతుంది. "అతి చేస్తున్నావమ్మా" అని రెండుసార్లు అన్నాను. మూడోసారి అనబోతుంటే, ఆ కిటికీ అవతలి తల గుర్తొచ్చింది.

మొన్న ఒక గృహప్రవేశంలో ఒకావిడ వాడి నోటికి వేరుశనగ ఉండ అందిస్తూ, "ఒక్కదానికేటీ కాదులే" అంది. కోడలు వాణ్ణి వెనక్కి లాక్కుంది. ఆవిడ ఉండ పట్టుకుని ఇంకో అడుగు ముందుకేసింది. ముప్పై ఒక్క ఏళ్లు పాఠాలు చెప్పి, అబద్ధమాడిన పిల్లల చేత గోడకుర్చీ వేయించినదాన్ని నేను...

"శ్రీకూర్మంలో వదిలేశాడండి" అన్నాను.

ఆవిడ లెంపలేసుకుంది.

మర్నాడే శ్రీకూర్మం వెళ్లొచ్చాను. ఇంట్లో వేరుశనగ ఎప్పుడో మానేశాం. నేను మాత్రం బజారుకు వెళ్లినప్పుడు ఉడికించిన కాయలు ఒక పొట్లం కొనుక్కుని, అక్కడే తిని, చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చేదాన్ని. ఆ పొట్లం వదిలేశాను.

ఆ రోజుల్లో లేని మందులు ఇప్పుడున్నాయి... అమ్మల భయం మాత్రం అలాగే ఉంది. మీ అమ్మ మీ కోసం ఏం వదిలేసిందో తెలిస్తే కింద రాయండి. తెలియకపోతే ఈ పూటే అడగండి... నాన్న చెప్పేదాకా నేను అడగలేదు.