ఎనిమిదింటికి ఆగిపోయే ఊరు

నేను కంప్యూటరు ముందు కూర్చుని పనిచేస్తాను కాబట్టి కంప్యూటర్ల డాక్టర్నని మా అత్తవారి వైపు అందరికీ గట్టి నమ్మకం. నిజానికి నేను చేసేది ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ పని. విజిటింగ్ కార్డులు, కరపత్రాలు, బడి పరీక్ష పేపర్లు, మందుల షాపుల రసీదు పుస్తకాలు. అక్షరం సరిగ్గా పడిందా, అంచు సరిపోయిందా అన్నంతవరకే నా విద్య. కంప్యూటరు మొరాయిస్తే నేనూ అందరిలాగే ఆపి మళ్ళీ ఆన్ చేస్తాను. అప్పటికీ వినకపోతే ఓనరుకి చెప్పి టీకి పోతాను. ఈ సంగతి పెళ్ళైన కొత్తలోనే చెప్పేసి ఉండాల్సింది. కొత్త అల్లుణ్ణి కదా, అడక్కుండానే మెప్పు దక్కుతుంటే కాదనబుద్ధి కాలేదు. దాని ఫలితం ఇప్పుడు ఆదివారం ఆదివారం అనుభవిస్తున్నాను.

పొద్దున్నే ఫోను మోగుతుంది. మామగారు హలో కూడా అనరు.

"అల్లుడుగారూ, మళ్ళీ ఆగిపోయింది."

ఆగిపోయేది ఒక ఆట. మా ఆవిడ కాలేజీ రోజుల్లో వాడుకుని, పుట్టింట్లో వదిలేసి వచ్చిన లాప్‌టాప్‌లో ఉంది. ముందు ఖాళీ నేల ఇస్తుంది. దాని మీద మనం రోడ్లు వేసి, నీళ్ళ పైపులూ కరెంటు లైన్లూ లాగి, బళ్ళూ ఆస్పత్రులూ కడితే జనం ఎక్కణ్ణుంచో వచ్చి ఇళ్ళు కట్టుకుంటారు. వాళ్ళకి పేర్లుంటాయి, ఉద్యోగాలుంటాయి, పొద్దున్నే కార్లేసుకుని పనికి పోతారు. రిటైరయ్యాక మామగారు ఏమీ తోచక మొదలుపెట్టారు. రెండున్నరేళ్ళు తిరిగేసరికి అరవై వేల జనాభా ఉన్న ఊరు తయారైంది. ఇప్పుడా ఊరిని తెరిచిన పదకొండు నిమిషాలకి తెర నల్లబడి ఆట దానంతటదే మూసుకుపోతోంది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ అదే ఉదయం, మళ్ళీ పదకొండు నిమిషాలు. నెలన్నరగా ఆ ఊళ్ళో ఒక్క రోజు గడవలేదు. అది బాగుపడకపోతే రెండున్నరేళ్ళ కష్టం పోయినట్టే, మామగారికి అది తప్ప ఇంకో లోకం లేదు.

మామగారు ముప్ఫై ఒక్కేళ్ళు మున్సిపాలిటీలో బుల్డోజరు నడిపారు. ఆ సీటు మీద ఎగిరెగిరి వెన్నుపూసలు అరిగిపోయాయి. ఇప్పుడు నడుముకి బెల్టు బిగించనిదే కుర్చీలోంచి లేవలేరు. చెవులు కూడా కాస్త మందం, అందుకే ఫోనులో అరిచినట్టు మాట్లాడతారు. ఆయన దృష్టిలో లాప్‌టాప్ కూడా ఒక మెషీనే. పొద్దున ఆన్ చేశాక పది నిమిషాలు ఊరికే ఉంచుతారు, ఇంజను వేడెక్కాలట. ఆట ఆగిపోయాక అరగంట ముట్టుకోరు, చల్లారాలట. అడుగున అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని పరీక్ష చేస్తారు.

"ఎడమవైపు ఏదో గీరుకుంటోంది అల్లుడుగారూ. గ్రీజు కావాలేమో."

గ్రీజు అక్కర్లేదని గట్టిగా చెప్పాను. అయినా తర్వాతి వారం అడుగున మరల దగ్గర జిడ్డు కనబడింది. ఇదేమిటని అడిగితే ఆయన అత్తగారి వైపు చూశారు. "నా వైపు చూస్తారేం? ఆ ఊరి మీద ఉన్న శ్రద్ధలో పావు వంతు మన బాత్రూము కుళాయి మీద పెడితే ఈపాటికి అది కారడం మానేసేది" అందావిడ.

మొదటి ఆదివారం నాకు తెలిసిన ఏకైక వైద్యం చేశాను. ఆపి ఆన్ చేశాను. రెండో ఆదివారం అప్‌డేట్లన్నీ వేశాను. అవి దిగడానికి సాయంత్రం దాకా పట్టింది, ఆట ఆగడానికి మాత్రం పదకొండు నిమిషాలే పట్టింది. మూడో ఆదివారం అడుగు మూత విప్పి ఫ్యాను తుడిచాను. పిచ్చుక గూడు కట్టుకోవచ్చు, అంత దుమ్ము వచ్చింది. ఇక గెలిచాననుకుని మా ఆవిడకి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆ ఫోను పెట్టేలోపే తెర నల్లబడింది. నాలుగో ఆదివారం ఆట మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించాను. ఎక్కిస్తున్నంతసేపూ మామగారు నా కుర్చీ వెనక నిలబడి "ఊరు పోదు కదా, ఊరు పోదు కదా" అని నా ప్రాణం తీశారు. ఊరు పోలేదు. దాంతోపాటు రోగమూ పోలేదు.

ఇంటికొచ్చి సోఫాలో కూలబడితే మా ఆవిడ ఓదార్పు ఇలా ఉంటుంది: "మా నాన్న ఇరవై టన్నుల బండిని ఒంటి చేత్తో తిప్పారు. మీరు రెండు కిలోల పెట్టెతో ఇంత అవస్థ పడుతున్నారేంటండీ?"

ఐదో వారం పళ్ళు నూరుకుంటూ దాన్ని రిపేరు షాపులో ఇచ్చాను. షాపతను అనుభవం ఉన్న మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, మెమరీ పెంచి, మూడు రోజులు తన దగ్గరే ఉంచుకున్నాడు.

"మీ లాప్‌టాప్‌కి ఏ జబ్బూ లేదు సార్" అన్నాడు తిరిగి ఇస్తూ. "అదే ఆటలో నేను కొత్త ఊరు మొదలుపెట్టి పొద్దుట్నించి సాయంత్రం దాకా నడిపాను. ఒక్కసారి ఆగితే ఒట్టు. పెద్దాయన ఊరు తెరిస్తేనే ఆగిపోతోంది. ఆ ఊరొదిలేసి కొత్తది కట్టుకోమనండి."

ఆ మాట అలాగే మోసుకెళ్ళి మామగారికి చెప్పాను.

"కొత్తది కట్టుకుంటే మరి వీళ్ళో?" అన్నారాయన.

వీళ్ళంటే ఎవరో నాకు ఒక్క క్షణం తట్టలేదు. తట్టాక ఒళ్ళు మండింది. లేని మనుషుల కోసం ఉన్న అల్లుడి ఆదివారాలన్నీ బూడిదలో పోసిన పన్నీరవుతున్నాయని నా బాధ.

ఆరో ఆదివారం వెళ్ళేసరికి అత్తగారు లేరు, మా ఆవిడతో కలిసి బజారుకి వెళ్ళారు. మామగారు నా ముందుకి మళ్ళీ తను రాసుకునే పుస్తకం తోశారు. మొదటి వారం నుంచీ తోస్తూనే ఉన్నారు. బండి ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ఆగింది, ఆగినప్పుడు ఎలా ఉంది అని ఉద్యోగంలో రోజూ రాసిపెట్టడం ఆయనకి అలవాటు. ఆ అలవాటుతోనే ఆట ఆగిన ప్రతిసారీ రాశారు. బుల్డోజరు పుస్తకం చూసి కంప్యూటరు బాగుచేయడమేమిటని నా గీర. అందుకే ఒక్కసారి కూడా తెరవలేదు. ఆ రోజు ఇక చేయడానికి నా దగ్గర ఏమీ మిగలక తెరిచాను.

స్కేలు పెట్టి కొట్టిన గడులు. మొదలైన టైము. ఆగిన టైము. వేడి: గోరువెచ్చన, వేడి, చెయ్యి పెట్టలేం. చివరి గడిలో, ఆగేటప్పటికి ఆ ఊళ్ళో గడియారం ఎంత చూపిస్తోందన్నది. నూట ఇరవై ఆరు సార్లు రాశారు. నూట ఇరవై ఆరు చోట్లా ఎనిమిదే ఉంది. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

"ఎనిమిదింటికి ఊళ్ళో ఏమవుతుంది మామగారూ?"

"ఏమవుతుంది, అందరూ పనికి బయల్దేరతారు."

అప్పుడు, ఇన్ని వారాల్లో మొదటిసారి, ఆ ఊరిని పైనుంచి కిందికి చూశాను. ఒక్క రోడ్డు కూడా తిన్నగా లేదు.

"ఇదెందుకిలా వంకర పోయింది?"

"అక్కడ ఇల్లుంది కదా."

"ఇదో?"

"అక్కడా ఇల్లుంది."

ఊరు పెరిగినప్పుడు అడ్డున్న నాలుగిళ్ళు తీసేసి రోడ్డు వెడల్పు చేస్తారు, ఆ ఆట ఆడే ఎవరైనా చేసే పనే. దానికి తెర కింద ఒక గుర్తు ఉంటుంది. పసుపుపచ్చ రంగులో బుల్లి బుల్డోజరు. అనుమానమొచ్చి ఊరి లెక్కల పేజీ తెరిచాను. కట్టిన ఇళ్ళు పన్నెండు వేల పైచిలుకు. కూల్చినవి సున్నా.

రెండు నెలల కిందట ఆయన కాలువ అవతల కార్ఖానాలు పెట్టారు. అవతలికి వంతెన ఒక్కటే. ఆ వంతెన మొదట్లో, రోడ్డుకి నట్టనడుమ, నీలం కప్పు ఉన్న చిన్న ఇల్లు ఒకటి ఉంది. ఎనిమిది కొట్టగానే ఊళ్ళో కార్లన్నీ దాని చుట్టూ తిరగబోయి ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుంటున్నాయి. ఇరుక్కున్న ప్రతి కారుకీ వేరే దారి వెతకలేక, పాపం, ఆ పాత లాప్‌టాప్ చేతులెత్తేస్తోంది.

"దొరికింది మామగారూ. ఈ ఒక్క ఇల్లు తీసేస్తే చాలు."

"తీయను."

"పోనీ, దీనికి బదులు వేరే చోట ఇంకోటి కట్టిద్దాం."

"అందులోకి వీళ్ళే వస్తారా?"

రారు. ఇల్లు కూల్చితే ఆ ఆటలో అందులోని మనుషులు మాయమైపోతారంతే. ఆయన ఇంటి మీద నొక్కి చూపించారు. ఏడుగురు. ఇద్దరు ముసలివాళ్ళు, ఒకతను పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు, ఒకావిడ ఆస్పత్రిలో నర్సు.

"ఉత్తి బొమ్మలు మామగారూ" అన్నాను. నా గొంతు లేచిందని నాకే తెలుస్తోంది.

"మా ఇంజనీరూ అలాగే అనేవాడు. కాగితం మీద ఉత్తి గీతే కదయ్యా, నీకేంటి నొప్పి అని. నేను బండేసుకుని వెళ్ళేసరికి ఆ గీత మీద కూర్చుని ఎవరో ఒకరు అన్నం తింటుండేవాళ్ళు."

ఇంటి పైనుంచి వంతెన పొడిగిద్దామని చూశాను, ఎత్తు చాలలేదు. కిందనుంచి దారి తవ్వుదామని చూశాను, కాలువ అడ్డొచ్చింది. గంటన్నర కుస్తీ పట్టాను. నా ముఖం ఎలా ఉందో ఏమో, మామగారు నడుము బెల్టు బిగించుకుని లేచారు.

"ఉండండి, టీ పెట్టుకొస్తాను. బాగా అలిసిపోయారు."

ఆయన వంటింట్లోకి వెళ్ళారు. గిన్నె చప్పుడైంది, పొయ్యి వెలిగింది. నేను పసుపుపచ్చ బుల్డోజరు మీద నొక్కి, నీలం కప్పు మీద నొక్కాను. తెర మీద చిటికెడు దుమ్ము లేచింది, ఎవరో దగ్గినంత చప్పుడైంది. ఆ చోట రోడ్డు తిన్నగా వేసి, ఊరి గడియారాన్ని జోరుగా పరుగెత్తించాను. ఎనిమిది. ఎనిమిదీ పది. కార్లు బారులు తీరి వంతెన దాటాయి. తొమ్మిది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆరు ఆదివారాల కసి ఒక్కసారిగా తీరింది.

మామగారు రెండు గ్లాసులతో వచ్చి తెర మీద గడియారం చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు.

"తొమ్మిదిన్నర" అన్నారు మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

గ్లాసులు బల్ల మీద పెట్టి కూర్చుని, చూపుడు వేలితో ఊరంతా తిరిగారు. బడిలోకి పిల్లలు వెళ్ళారా, ఆస్పత్రి తెరిచారా, కార్ఖానాల పొగ గొట్టాలు పొగ వదులుతున్నాయా అని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయారు. "ఏం చేశారు?" అని అడిగారు. ఏదో సెట్టింగు తప్పుంటే మార్చానన్నాను. "నేను అంటూనే ఉన్నాను, మా అల్లుడికి రాని పని లేదని" అని నా భుజం తట్టారు. అప్పటికి ఆయన వేలు వంతెన దగ్గరికి చేరింది.

అక్కడే ఆగింది.

"ఎప్పుడు తీశారు?"

"మీరు టీ పెడుతున్నప్పుడు."

"అయిదు నిమిషాలు."

"అంతే ఉంటుంది" అన్నాను. తిడతారని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నాకూ అంతే పట్టేది" అన్నారు. "వాళ్ళ సామాన్లు బయట పెట్టించడానికే పొద్దంతా పోయేది. మంచాలు, ట్రంకు పెట్టెలు, కొన్నిసార్లు మంచంతో పాటు మనిషిని. కూల్చడానికి మాత్రం ఇంటికి అయిదు నిమిషాలు. చిన్నిల్లయితే అదీ పట్టదు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తొమ్మిదిన్నర దాకా నడిచిన ఊరు తెర మీద హాయిగా నడుస్తూనే ఉంది. దాన్ని సేవ్ చేయకుండా మూసేశాను. మూస్తుంటే మనసు ఒప్పుకోలేదు, కాదనను. అంతకుముందు, ఆటలో ఉదయం ఆరింటి దగ్గర సేవ్ చేసి ఉన్న పాత ఊరిని తెరిచాను. నీలం కప్పు ఇల్లు వంతెన మొదట్లో ఎక్కడిదక్కడే ఉంది. మామగారు దాని మీద నొక్కి లెక్క చూసుకున్నారు. ఏడుగురూ ఉన్నారు. కుర్చీ నా పక్కకి జరుపుకుని ఒక గ్లాసు నా చేతికిచ్చారు. ఎనిమిదయ్యేదాకా ఇద్దరం ఆ ఊరిని చూస్తూ కూర్చున్నాం.