కలపని రబ్బరు

తొంభైల చివర్లో పలాసలో నాకు చిన్న రబ్బరు అచ్చుల షెడ్డు ఉండేది. చేపల పడవల్లో ఇంజన్నీ పంకా కడ్డీనీ కలిపే చోట వేసే రబ్బరు బుష్‌లు చేసేవాణ్ణి. సహజ రబ్బరు బాగా సాగుతుంది, కానీ ఆయిలు తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. అందుకని ఆయిలుకు తట్టుకునే సింథటిక్ రబ్బరు అందులో కలిపేవాణ్ణి.

ఒకసారి ఆ సింథటిక్ సరుకు అయిపోయింది. సరిగ్గా అప్పుడే అక్కుపల్లి నుంచి అప్పన్న బావ వచ్చాడు. చేపల వేట బాగుంది, బుష్ వెంటనే కావాలన్నాడు. ఒట్టి సహజ రబ్బరుతో చేసిచ్చాను. ఆ మాట మాత్రం చెప్పలేదు.

నాలుగో రోజు అతని పడవ తిరిగి రాలేదని తెలిసి అక్కుపల్లి ఒడ్డుకు పరిగెత్తాను. అతని భార్య సముద్రం కేసి చూస్తూ నిలబడి ఉంది. "ఇంజను ఆగిపోయుంటాదేటి అన్నయ్యా?" అని నన్నే అడిగింది.

మర్నాడు మధ్యాహ్నం ఇంకో పడవ తాడు కట్టి అతని పడవను లాక్కొచ్చింది. చిరిగిపోయిన బుష్ అప్పన్న చేతిలో ఉంది. అందరి ముందే జరిగింది చెప్పేశాను.

అతను కోప్పడలేదు. "ముందే సెప్పుంటే రెండ్రోజులు ఆగీవోణ్ణి కదేటి బావా," అన్నాడు.

తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. ఆ తర్వాత సరుకు లేనప్పుడు లేదని చెప్పడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు.